గంట పలికింది, గమకం పలకలేదు

నంద్యాల జిల్లాలోని శిల్పుల ఊరు ఆళ్లగడ్డలో రాయిని ముందు చెవితో చూస్తారు, తర్వాతే కంటితో. శిల్పి సుత్తితో మెల్లగా తట్టి వింటాడు. ఖంగుమని మోగి ఆ మోత కాసేపు నిలిచిందంటే లోపల నెర్రెలు లేవు, విగ్రహానికి పనికొస్తుంది. దబ్బుమని అక్కడే ఆగిపోయిందంటే ఎక్కడో పగులు దాక్కుని ఉంది, దెబ్బ తాలూకు శక్తిని అదే మింగేస్తోంది. శిల్పశాస్త్ర గ్రంథాలు ఈ పరీక్షను పట్టుకునే రాళ్లకు లింగభేదం కూడా చెప్పాయి. గంటలా మోగేది పురుషశిల, కంచు తాళంలా మోగేది స్త్రీశిల, మూగది నపుంసకశిల.

ఆ ఖంగులో ఏముందో విప్పి చూస్తే, దూరపు జపాన్‌లో 1983లో తయారైన ఒక కీబోర్డు కథ అర్థమవుతుంది. దాని పేరు యమహా డీఎక్స్‌7. అది నంద్యాల జిల్లాలో పుట్టలేదు, ఇక్కడి వేదికలను ఏలిందీ లేదు. కానీ దాని గొంతు వినకుండా ఇక్కడ పెరిగిన మనిషి ఉండడు.

వీణ తీగను మీటితే అసలు స్వరంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు పౌనఃపున్యం ఉన్న అనుస్వరాలు కూడా పలుకుతాయి. హార్మోనియం రీడుదీ అదే తీరు. అన్నీ పూర్ణాంకాల లెక్కలో ఉంటాయి కాబట్టి చెవి వాటిని కలిపి ఒకే శ్రుతిగా వింటుంది. రాతి పట్టీ, ఇనుప కడ్డీ, గుడిగంట ఈ లెక్కకు లొంగవు. రెండు చివర్లూ స్వేచ్ఛగా వదిలిన సన్నని పట్టీని తీసుకుంటే, దాని అనుస్వరాలు 1, 2.76, 5.40 అనే నిష్పత్తిలో వస్తాయి. మొదటిది 220 హెర్ట్జ్ అయితే తర్వాతివి దాదాపు 607, 1188. ఈ అంకెలు ఒకదానిలో ఒకటి ఇమడవు. అందుకే చెవికి అది "సా" అనిపించదు, "ఖణ్" అనిపిస్తుంది. విగ్రహానికి తెచ్చిన మోటు రాయికి ఆకారాన్ని బట్టి అంకెలు మారతాయి గాని, పూర్ణాంకాలు కాకపోవడం మాత్రం మారదు.

1983 దాకా మార్కెట్లో ఉన్న సింథసైజర్లలో ఎక్కువవి అనలాగ్ యంత్రాలు. అనుస్వరాలు దట్టంగా ఉన్న ఒక తరంగాన్ని పుట్టించి, అక్కర్లేనివి ఫిల్టరుతో కోసేయడం వాటి పద్ధతి. ఒక రకంగా అదీ శిల్పి పనే. బ్రాస్, తీగవాద్యాల్లాంటి ధ్వనులు వాటికి బాగా కుదిరేవి. దెబ్బ తగిలి మోగేవి, అంటే గంటలు, చెక్కపలకల మరింబా, ఎలక్ట్రిక్ పియానో వంటివి అంతగా లొంగేవి కావు. పూర్ణాంకాల రాయిలోంచి భిన్నాంకాలు చెక్కలేం కదా.

దారి దొరికింది 1967లో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో. జాన్ చౌనింగ్ స్వరకర్త, అంతకుముందు డ్రమ్ములు వాయించినవాడు. కంప్యూటరులో ఒక శుద్ధ స్వరాన్ని పెట్టి, దాని శ్రుతిని పైకీ కిందకీ ఊపుతూ వింటున్నాడు. సెకనుకు ఐదారుసార్లు ఊపితే అది పాశ్చాత్యుల వైబ్రాటో. మన కంపిత గమకానికి దగ్గరి చుట్టం. ఊపు వేగం పెంచుతూ పోయాడు. సెకనుకు పాతిక ముప్ఫై దాటేసరికి చెవి ఆ ఊపును ఊపుగా వెంబడించలేకపోయింది. వందల్లోకి వెళ్లేసరికి స్వరం ఊగుతున్నట్టే లేదు. దాని రంగే మారిపోయింది. రెండే రెండు శుద్ధ తరంగాలు, ఒకటి మోసేది, ఒకటి ఊపేది. వాటిలోంచి డజన్ల కొద్దీ అనుస్వరాలు పుట్టుకొచ్చాయి. కర్నూలు ఆకాశవాణి ఎఫ్ఎం ప్రసారం మన రేడియోకు చేరేది కూడా ఈ సూత్రంతోనే. కాకపోతే అక్కడ మోసే తరంగం వంద మెగాహెర్ట్జ్‌కు అటూఇటూ ఉంటుంది, మనకు వినపడదు. చౌనింగ్ దాన్ని వినపడే మేరకు దించాడు, పేరు మాత్రం అదే ఎఫ్ఎం. 1973లో ఆయన పరిశోధనా పత్రం అచ్చయింది.

లెక్క కష్టమైంది కాదు. మోసేది 1 అనీ, ఊపేది 3.5 అనీ అనుకుందాం. ఊపేదాన్ని ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు కూడుతూ తీసేస్తూ పోవాలి. కూడితే 4.5, 8. తీసేస్తే మైనస్ 2.5, మైనస్ 6. మైనస్ గుర్తు ఉన్నవి అద్దంలో పడినట్టు తిరిగొచ్చి 2.5, 6 గా వినపడతాయి. 1, 2.5, 4.5, 6, 8 అనే ఈ గుంపు చెవికి గంటలా తగులుతుంది. డీఎక్స్‌7తో వచ్చిన గొట్టపు గంటల గొంతులో వాడిన నిష్పత్తి సరిగ్గా ఇదే, 1కి 3.5.

ఇంకో సుగుణం ఉంది, నా దృష్టిలో అసలైనది అదే. ఎంత గట్టిగా ఊపితే అంత ఎక్కువ అనుస్వరాలు పుడతాయి. దెబ్బ పడిన క్షణంలో ఊపు బలంగా పెట్టి, తర్వాత క్రమంగా తగ్గిస్తే, మొదట చురుక్కుమనే తాకిడి, ఆ వెనక నెమ్మదిగా శుభ్రపడే మోత వినిపిస్తాయి. నిజమైన గంటలో పై అనుస్వరాలు ముందు చచ్చిపోయి, కింది హుంకారం చివరిదాకా మిగలడం కూడా ఇంతే. పైగా ఆ ఊపును వేలి దెబ్బకు ముడిపెట్టవచ్చు. మెట్టును మెల్లగా నొక్కితే మెత్తటి స్వరం. గట్టిగా కొడితే శబ్దం పెరగడమే కాదు, దాని స్వభావమే మారుతుంది. సుత్తి దెబ్బకు రాయి బదులిచ్చే తీరూ అదే.

ఈ ఆవిష్కరణను అమెరికాలోని ఆర్గన్ కంపెనీలు కాదన్నాయి. జపాన్ యమహా ఇంజనీర్లకు మాత్రం వెంటనే తలకెక్కింది, హక్కులు కొన్నారు. 1977లో పేటెంటు వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌కు దీని మీద రెండు కోట్ల డాలర్లకు పైగా రాబడి వచ్చిందంటారు. సంగీత విభాగం నుంచి అంత డబ్బు రావచ్చని ఏ విశ్వవిద్యాలయం ఊహిస్తుంది?

యమహా చేసింది కూడా తక్కువ పనేమీ కాదు. 1980ల మొదట్లో చవకైన చిప్పు మీద గుణకారం చేయడం ఖరీదైన వ్యవహారం. వాళ్లు ఇంటర్మీడియట్ పిల్లల ఉపాయం పట్టుకున్నారు: లాగరిథమ్ పట్టికలు. సైన్ తరంగపు విలువల్ని లాగరిథమ్ రూపంలో చిప్పులోనే అచ్చు వేసి, గుణించాల్సిన చోట కూడి, చివర్లో యాంటీలాగ్ పట్టిక చూసుకోవడం. గుణకారమే అక్కర్లేదు. ఒక్కో స్వరానికి ఆరు తరంగాలు, వీటిని ఆపరేటర్లంటారు. ఒకేసారి పదహారు స్వరాలు పలకాలి, అంటే మొత్తం 96 ఆపరేటర్లు. కానీ లోపల లెక్కలు కట్టే వలయం ఒక్కటే. పంక్తి భోజనంలో ఒక్క మనిషే వడ్డిస్తూ 96 విస్తళ్ల ముందునుంచి పరుగెడుతున్నట్టు, అది సెకనుకు 49,096 చుట్లు తిరిగేది. అంటే సెకనుకు 47 లక్షల వడ్డనలు.

ఆ ఆరు ఆపరేటర్లలో ఏది మోయాలి, ఏది ఊపాలి, ఏది దేన్ని ఊపాలి అన్న అమరికలు 32 ఇచ్చారు. పెట్టె మూత మీదే వాటి బొమ్మలు ముద్రించారు. 61 మెట్లు, 14.2 కిలోల బరువు, అమెరికాలో 1,995 డాలర్ల ధర. లక్షన్నరకు పైగా అమ్ముడయ్యాయి. అంతకుముందు ఏ సింథసైజరూ ఆ మాట కలలో కూడా అనుకోలేదు.

ఇక లోపాలు. వీటి గురించి చెప్పడం మొదలుపెడితే ఆగడం కష్టం.

అనలాగ్ యంత్రం మీద నిండుగా బొత్తాలు, తిరుగుడు మరలు ఉండేవి. దేన్ని తిప్పితే ఏమవుతుందో చెవే నేర్పేది. డీఎక్స్‌7లో ఒక గొంతుకు 145 సర్దుబాట్లు, వాటన్నిటినీ మార్చడానికి ఒకే ఒక జారుడు మీట. ఆకుపచ్చ పలక మీద ఒత్తుడు బొత్తాలు పైకి లేవవు, కిందకు దిగవు. వేలికి ఏమీ తెలియదు. రెండు వరుసలు, వరుసకు పదహారు అక్షరాలు పట్టే తెర, దానికి వెనక వెలుగు లేదు. జాతరలో రాత్రి పూట నాటకం ఆడేటప్పుడు, వేదిక మీద లైట్లార్పిన రంగంలో దాన్ని చదవడం ఎలాగో యమహా వాళ్లకే తెలియాలి. ఆ సర్దుబాట్లను అర్థం చేసుకోవడం ఇంకా కష్టం. ఒక అంకెను ఒక మెట్టు మారిస్తే స్వరం అసలు మారకపోవచ్చు, లేదా పళ్లు పులిసేలా గీరుకోవచ్చు. ఎఫ్ఎం గణితం తీరే అంత. కారణానికీ ఫలితానికీ మధ్య సూటి దారి లేదు.

ధ్వని కూడా స్వచ్ఛమేమీ కాదు. చివరికి అంకెల్ని విద్యుత్తుగా మార్చే భాగానిది 12 బిట్ల సామర్థ్యం, అంటే 4,096 మెట్లు. శబ్దం పెద్దగా ఉన్నప్పుడు చాలు. మోత సన్నగిల్లి చివరికి వచ్చేసరికి ఆ కొద్దిపాటి శబ్దానికి మిగిలే మెట్లు కొన్నే. పరిధి పెంచడానికి వాళ్లు కొంత తంటా పడ్డారు గాని, లాగరిథమ్ పట్టికల తరుగు కూడా దానికి తోడై, స్వరం ఆరిపోయేటప్పుడు సన్నటి ఇసుక రాలుతున్నట్టు గరగర మిగిలింది. 1986 చివర్లో ప్రకటించిన రెండో తరం డీఎక్స్‌7కు 16 బిట్లు పెట్టి ఆ గరగరను తీసేశారు. అప్పుడు చాలామంది వాయిద్యకారులు పాతదే బాగుందన్నారు. మనుషుల చెవుల సంగతి కంపెనీలకు ఎప్పటికీ అంతుపట్టదు.

మెట్టు ఎంత గట్టిగా కొట్టామో యంత్రానికి ఎలా తెలుస్తుంది? బలాన్ని అది కొలవదు, కాలాన్ని కొలుస్తుంది. మెట్టు కదిలేటప్పుడు మొదట ఒక కాంటాక్టు, కొంచెం దిగాక రెండోది మారతాయి. ఆ రెంటి మధ్య ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో లెక్కేసి వేగం తేలుస్తుంది. నేటి క్యాసియో, రోలాండ్ కీబోర్డుల్లోనూ సూత్రం ఇదే. కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి భాషలో ఈ వేగానికి 127 దాకా అంకెలున్నాయి. మొదటి తరం డీఎక్స్‌7 మెట్లు ఎంత బాదినా దాదాపు వంద దగ్గరే ఆగిపోయేవి. దానికి తగ్గట్టు అమర్చిన గొంతుల్ని వేరే కీబోర్డుతో వాయిస్తే 127 అందుకుని కర్ణకఠోరంగా మారేవి. మిడి అప్పుడే పుట్టిన భాష కావడంతో ఈ యంత్రానికి అది అరకొరగానే వచ్చు; పదహారు ఛానెళ్లు ఉన్నా మొదటి దాని మీదే పంపేది.

ఈ లోపాల్లో అన్నిటికంటే దూరం ప్రయాణించింది మాత్రం మొదటిదే. సొంత గొంతు తయారు చేసుకోవడం చాలామందికి చేతకాలేదు, అంచేత ఎక్కువమంది కంపెనీ ఇచ్చినవే వాయించారు. లోపల 32 గొంతులు. వాటిలో మరింబా ఉంది, గొట్టపు గంటలున్నాయి, జపాన్ కోటో ఉంది, రైలు చప్పుడు, విమానం లేచే చప్పుడు కూడా ఉన్నాయి. వీణ లేదు. పదకొండో గొంతు "ఇ.పియానో 1". అందులో ఒక ఊపే తరంగం 14 రెట్ల దగ్గర ఉంటుంది. మెట్టు కొట్టగానే గాజుకు చెంచా తగిలినట్టు వినపడే ఆ చిన్న తాకిడి దానిదే. 1980ల అమెరికన్ ప్రేమగీతాల నిండా ఈ ఒక్క గొంతే. వాయించినవాళ్లు వేరు, పాడినవాళ్లు వేరు, పియానో మాత్రం ఒకటే.

తెలుగు పాటలు అప్పుడు ఎక్కువగా మద్రాసులో రికార్డయ్యేవి. వాద్యబృందంలో సింథసైజర్లకు చోటు పెరిగిన దశాబ్దం అదే. 1967లో పుట్టిన ఎ.ఆర్. రెహమాన్ టీనేజీలోనే కీబోర్డు వాద్యకారుడిగా ఇళయరాజా, రమేష్ నాయుడు, రాజ్-కోటి దగ్గర పనిచేశాడు. తెలుగు సినిమా పాటలో గాజు మెరుపులాంటి ఆ డిజిటల్ ధ్వని నెమ్మదిగా చొరబడింది ఆ కాలంలోనే.

తర్వాత ఎఫ్ఎం చవకైంది, చిన్నదైంది. ఆరు ఆపరేటర్లు రెండుకు తగ్గి కంప్యూటర్ల సౌండు కార్డుల్లో కూర్చున్నాయి. 1987 నాటి యాడ్‌లిబ్‌లో, 1989 నాటి సౌండ్ బ్లాస్టర్‌లో యమహా ఎఫ్ఎం చిప్పే. కంప్యూటర్ సెంటర్లలో ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడిన తరానికి ఆ గరుకు సంగీతం గుర్తుండాలి. 2000ల మొదట్లో సెల్‌ఫోన్లకు పాలీఫోనిక్ రింగ్‌టోన్లు వచ్చాయి. వాటిలో చాలా ఫోన్ల లోపల మోగింది యమహా ఎఫ్ఎం చిప్పే. నాటి శామ్‌సంగ్ ఫోన్లలో ".ఎంఎంఎఫ్" అని ఉండే ఫైళ్లు దానికోసం రాసినవే. స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన గణితం ఆళ్లగడ్డ బస్టాండు దాకా వచ్చింది ఆ దారినే అనుకుంటాను, సంగీత వేదికల మీదుగా కాదు.

అసలు కీబోర్డుల్లో మాత్రం ఎఫ్ఎం రాజ్యం ఎక్కువ కాలం సాగలేదు. మెమరీ ధరలు పడిపోయాక నిజమైన వాద్యాన్ని రికార్డు చేసి చిప్పులో దాచుకోవడమే తేలికైంది. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1 ఆ దారిని రాజమార్గం చేసింది. నంద్యాల ప్రాంతంలో చర్చి గాయకబృందాల వెనక, భజన బృందాల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కనిపించే కీబోర్డులన్నీ ఆ వంశానివే. ఏ కంపెనీదైనా చాలామంది "క్యాసియో" అనే అంటారు. కానీ వాటిలోనూ డీఎక్స్‌7 దూరి కూర్చుంది. 1991లో కంపెనీలన్నీ కలిసి జనరల్ మిడి అని 128 గొంతుల వరుస ఖరారు చేశాయి. ఆరో నంబరు ఎలక్ట్రిక్ పియానో 2. చాలా కీబోర్డుల్లో అది నొక్కితే పలికేది ఆ పాత ఎఫ్ఎం పియానో రికార్డింగే. పద్నాలుగు రెట్ల ఊపు, గాజు తాకిడి, అన్నీ అలాగే. సితారుకూ షెహనాయికీ కూడా ఆ వరుసలో చోటు దొరికింది. వీణకు ఈసారీ దొరకలేదు.

మన సంగీతంతో దీనికి అసలు పేచీ ఇంకో చోట ఉంది. 1940లో ఆకాశవాణి హార్మోనియంను నిషేధించింది, 1971 దాకా ఆ నిషేధం సాగింది. అభ్యంతరం ఒకటే: మెట్టుకూ మెట్టుకూ మధ్య జారడం దానికి రాదు, పన్నెండు స్థానాలూ బిగించేసినవి. రాయలసీమ పద్యనాటకం మాత్రం ఆ నిషేధాన్ని లెక్కచేయలేదు. నటుడు రాగం తీస్తే హార్మోనిస్టు వెంట పరుగెత్తాడు, గొంతు జారిన చోట తాను చిన్న చిన్న మెట్లెక్కి సర్దుకున్నాడు. ఆ హార్మోనియం పక్కకో, దాని స్థానంలోకో కీబోర్డు వచ్చాక, ఎడమచేతి వైపు ఒక కొత్త సౌకర్యం దొరికింది. శ్రుతిని వంచే చక్రం. దాన్ని మెట్టుతో కలిపి అదుపు చేయడం నేర్చినవాళ్లు గమకాలు పలికించగలరు. చెన్నైకి చెందిన కె. సత్యనారాయణన్ కీబోర్డు మీద పూర్తి కర్ణాటక కచేరీలే చేస్తున్నారు. అయినా అది చేతివాటం మీద నడిచే సర్దుబాటే. శ్రుతిని ఊపుతూ ఊపుతూ కనిపెట్టిన ధ్వని సాంకేతికత, మన కంపితాన్ని పలకడానికి పక్కనున్న చక్రం సాయం అడగాల్సి రావడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. రెండో తరం డీఎక్స్‌7లో పన్నెండు స్థానాల్ని ఇష్టం వచ్చినట్టు సర్దుకునే వీలు పెట్టారు. అప్పటికి ఊళ్లలో దాన్ని కొనేవాళ్లెవరు?

పేటెంటు గడువు 1990ల మధ్యలో తీరిపోయింది. ఇప్పుడు డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు ల్యాప్‌టాప్ మీద డీఎక్స్‌7ను దాదాపు ఉన్నదున్నట్టు నడుపుతుంది. అందులో 32వ అమరిక తీసుకుంటే ఆరు ఆపరేటర్లూ ఒకదాన్నొకటి ఊపుకోకుండా విడివిడిగా పలుకుతాయి. మూడింటిని 1, 2.76, 5.40 దగ్గర పెట్టి, పైవి త్వరగా ఆరిపోయేలా చేస్తే రాతి పట్టీ ఖంగు వినిపిస్తుంది. కంప్యూటరు తెర మీద అన్ని సర్దుబాట్లూ ఒకేసారి కనిపించడం వల్ల, నలభై ఏళ్ల కిందట చాలామందికి చేతకాని పని ఇప్పుడు ఇంటర్ కుర్రాడు ఒక సాయంత్రంలో నేర్చుకుంటాడు. తప్పు గణితానిది కాదని తేలింది. ఆ ఇరుకు తెరది.

అసలు యంత్రం ఎవరి దగ్గరైనా అటక మీద ఉంటే దానికి మన ఎండలే శత్రువు. నంద్యాలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడమూ ఉంది. విద్యుత్ సరఫరా భాగంలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది, అది మెల్లగా ఎండిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల మోటు లెక్క. ముందు సన్నటి హుమ్ వినిపిస్తుంది, అదే హెచ్చరిక. కాంటాక్టుల్లో దుమ్ము చేరితే, ఆ కాలపు లెక్క తప్పి, మెల్లగా నొక్కిన మెట్టు కూడా అరుస్తుంది. కెపాసిటర్లూ కాంటాక్టులూ మరమ్మతుకు లొంగేవే.

గొంతుల్ని గుర్తుంచుకునేది లోపలి సీఆర్2032 బ్యాటరీ. చేతి గడియారానికి మార్చినట్టు మార్చుకునే వీలు లేకుండా దాన్ని బోర్డుకే టంకం వేసి వదిలేశారు. ఏళ్లు గడిచాక బ్యాటరీ చస్తే గొంతులన్నీ పోతాయి. బ్యాటరీ విప్పినా అంతే. అందుకని ముందు మిడి తీగతో కంప్యూటరుకు కలిపి గొంతుల్ని దించుకోవాలి. 32 గొంతులూ కలిపి ఆ ఫైలు 4,104 బైట్లు, వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ కంటే ఎంతో చిన్నది. అది భద్రంగా చేరిందని చూసుకున్నాకే టంకం కర్ర వేడిచేయాలి. కొత్త బ్యాటరీని నేరుగా అతికించకుండా ఒక హోల్డరు పెట్టించుకుంటే, ఇంకో పదేళ్లకు మళ్లీ ఈ పని పడినప్పుడు టంకం కర్రతో పనుండదు.